మౌరీన్ కానలీని మరచిపోయారా?

అయ్యా,

టెన్నిస్‌లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు (పెద్ద టోర్నీలు) గెలవడం అనగానే మనవాళ్లు స్టెఫీ గ్రాఫ్ దగ్గర ఆగిపోతారు. మహిళల్లో ఆ ఘనత మొదట సాధించింది అమెరికా అమ్మాయి మౌరీన్ కానలీ. అది 1953, ఆమెకు 18 ఏళ్లు. నాలుగు టోర్నీల్లో కలిపి చేజార్చుకున్నది ఒక్కటంటే ఒక్క సెట్!

చిన్నప్పుడు ఆమెకు గుర్రాలంటే పిచ్చి. స్వారీ నేర్చుకోవడానికి డబ్బుల్లేకే టెన్నిస్ రాకెట్ పట్టింది. వింబుల్డన్ గెలిచాక శాన్ డియాగో ఊరివాళ్లు ముచ్చటపడి గుర్రమే కానుకిచ్చారు. 1954 జులైలో, మూడో వింబుల్డన్ గెలిచిన కొద్దిరోజులకే, ఆ గుర్రం మీద వెళ్తుండగా కాంక్రీటు లారీ తగిలి కుడికాలు విరిగింది. మళ్లీ గ్రాండ్‌స్లామ్ ఆడలేదు. 9 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు, అన్నీ ఇరవై నిండకముందే!

వింబుల్డన్ రోజుల్లోనైనా ఆమె ఫొటో ఒకటి వేయండి.

– ఒక పాఠకుడు, గుంటూరు