అధికార భాష సరే, దుబాసిని తీసేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించడాన్ని సమర్థిస్తూ ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన ఉత్తరం చదివాను. "ఆ దేశంలో ఉంటూ ఆ భాష నేర్చుకోకపోతే తప్పెవరిది?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్న నన్నే అడిగినట్టు అనిపించి ఇది రాస్తున్నాను.

నేను 1980లో తెనాలి తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది 1966లో. నేను చేరేనాటికి పద్నాలుగేళ్లు గడిచాయి. అయినా పైనుంచి వచ్చే మెమోలు ఇంగ్లీషులోనే వచ్చేవి, మేం రాసే జవాబులూ అంతే. హైకోర్టు తీర్పులైతే ఇప్పటికీ చాలావరకు ఇంగ్లీషే. రైతులు తీర్పు కాపీ పట్టుకొచ్చి "బాబూ, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పు" అని నా బల్ల దగ్గర నిలబడేవాళ్లు. ఒకావిడ నోటీసు అందుకుని, అదేమిటో తెలియక ట్రంకుపెట్టెలో దాచింది. నా దగ్గరికి తెచ్చేసరికి అప్పీలు గడువు దాటి రెండు నెలలైంది. అరెకరం పొలం. కాగితం చదివి చెబుతుంటే ఆమె నా ముఖం చూసిన తీరు ఇన్నేళ్లయినా మరచిపోలేదు.

రిటైరయ్యాక 2019లో మా అబ్బాయి మాకు గ్రీన్ కార్డు పెట్టించి ఇక్కడికి, టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి తెచ్చుకున్నాడు. ఇప్పుడు బల్లకు అవతలి వైపు నిలబడ్డది మేము.

విషయానికొస్తే, అధ్యక్షుడు ట్రంప్ 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించారు. అంతకుముందు రెండు వందల ఏళ్లకు పైగా కేంద్ర స్థాయిలో అమెరికాకు అధికార భాషంటూ లేదు. ముప్పైకి పైగా రాష్ట్రాలు మాత్రం తమకు తాముగా ఇంగ్లీషును పెట్టుకున్నాయి. మేముండే టెక్సాస్ పెట్టుకోలేదు. ప్రకటన మీద నాకు అభ్యంతరం లేదు. ఏ దేశానికైనా పదిమందినీ కలిపే భాష ఒకటి ఉండాల్సిందే. నా బాధంతా ఆ ఉత్తర్వులోని ఇంకో మాట గురించి. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు కూడా ప్రభుత్వ సేవలు అర్థమయ్యేలా అందాలని అప్పటి అధ్యక్షుడు క్లింటన్ 2000లో ఇచ్చిన ఆదేశాన్ని ఇది రద్దు చేసింది. ఇతర భాషల సేవలు ఆపేయాలని ఉత్తర్వులో లేదు, నిజమే. కానీ నాలుగు నెలలు తిరిగేసరికి, అత్యవసరం కాని సేవలు తగ్గించుకోమని న్యాయశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏది అత్యవసరమో ఎవరు తేలుస్తారు?

మా ఆవిడకు కిందటేడాది రొమ్ములో గడ్డ కనిపించింది. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకు చెప్పే తెలుగు దుబాసి కావాలని ఆసుపత్రికి ముందే చెప్పాం. తీరా వెళ్తే వీడియోలో హిందీ ఆయన వచ్చాడు. మా ఆవిడకు హిందీ రాదు. అబ్బాయి, కోడలు ఆఫీసుల్లో ఉన్నారు. నాకు ఫైళ్ల ఇంగ్లీషు వచ్చు గానీ ఆ నర్సు మాట్లాడే వేగం అందదు. చివరికి బడి సెలవని మా వెంట వచ్చిన పదకొండేళ్ల మనవరాలిని ముందుకు పిలిచారు. దానికి వచ్చిన తెలుగు ఇంట్లో వంటకీ ఆటలకీ సరిపోయే తెలుగు. "నానమ్మా, సూదితో లోపల ముక్క తీసి చూస్తారట. క్యాన్సరో కాదో అప్పుడు చెప్తారట" అంది. చెప్పాక ఏడ్చింది. కేంద్ర నిధులు తీసుకునే ఆసుపత్రి దుబాసిని ఉచితంగా పెట్టాలనీ, ప్రాణం మీదికొస్తే తప్ప పిల్లల చేత చెప్పించకూడదనీ ఇక్కడ నిబంధన ఉంది. ఉండగానే ఇలా జరిగింది. దేవుడి దయవల్ల అది క్యాన్సర్ కాదు.

నేర్చుకోవట్లేదన్న నిందకు వస్తాను. ప్రతి మంగళవారం సాయంత్రం లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసుకి వెళ్తున్నాను. సీటు కోసం నాలుగు నెలలు ఆగాను. నా పక్కన కూర్చునే మెక్సికో ఆయన పగలంతా ఇళ్లకు రూఫింగ్ పని చేసి, ఆ బట్టలతోనే వస్తాడు. వియత్నాం ఆవిడ ప్రతి మాటా నోటుబుక్కులో మూడుసార్లు రాస్తుంది. నేర్చుకోవడం ఇష్టంలేని వాళ్లెవరూ నాకక్కడ కనిపించలేదు. పాఠం చెప్పేది జీతం లేని ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఇంగ్లీషే అధికార భాష అని సంతకం పెట్టిన చేత్తోనే ఇలాంటి క్లాసులకు ఇంకో నాలుగు గదులు, నలుగురు టీచర్లను ఇస్తే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడి నెబ్రాస్కా రాష్ట్రంలో 1919లో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరభాషలు నేర్పకూడదని చట్టం చేశారు. ఒక పదేళ్ల పిల్లాడికి జర్మన్‌లో చదవడం నేర్పినందుకు మాస్టారికి జరిమానా వేశారు. ఆ చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1923లో కొట్టేసింది. ఆదివారం మా మనవరాలు తెలుగు బడికి వెళ్లి గుణింతాలు దిద్దుతున్నప్పుడు నాకు ఆ మాస్టారే గుర్తొస్తాడు.

ఉత్తరం రాసిన పెద్దమనిషికి నా మనవి ఒక్కటే. పౌరసత్వ పరీక్ష ఇంగ్లీషులో రాయమంటే రాస్తాం. యాభై అయిదేళ్లు దాటి, గ్రీన్ కార్డుతో పదిహేనేళ్లు ఉన్నవాళ్లకు అందులో ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఉంది. దానికోసం ఆగితే మా ఆవిడకు డెబ్బై అయిదు దాటుతాయి. అందుకే తనూ వచ్చే వారం నుంచి క్లాసుకి వస్తానంది. కానీ డాక్టరు ముందు, జడ్జి ముందు నిలబడ్డ మనిషిని ముందు భాష నేర్చుకుని రమ్మనకండి.

వచ్చే నెల 9న మళ్లీ చెకప్ ఉంది. తెలుగు దుబాసి కావాలని ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాను. ఆ రోజు మనవరాలిని బడికే పంపుతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
తెనాలి (ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సాస్)