పుట్టిన తేదీ విచారణ ఒక్కసారే, ఒక్కచోటే జరగాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాస్‌పోర్టు దరఖాస్తులో పుట్టిన తేదీకి రుజువు చూపలేక ఆగిపోతున్నవారి గురించి, అందులోనూ బడి ముఖం చూడని పెద్దవయసు స్త్రీల గురించి, ఈ లేఖ రాస్తున్నాను. కూతురి పురిటికి అమెరికా వెళ్లవలసిన తల్లి గానీ, హజ్ యాత్రకు పేరు ఇచ్చుకున్న వృద్ధురాలు గానీ, ఇంటిపనికి గల్ఫ్ వెళ్లదలచిన స్త్రీ గానీ ఎక్కువగా ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా పుట్టినవారు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, బిడ్డ పుట్టగానే పంచాయతీలో రాయించడం పల్లెల్లో అలవాటు కావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ నిర్లక్ష్యం వారిది కాదు, అయినా దాని ఫలితం అనుభవిస్తున్నది వారే.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. జనన ధ్రువీకరణ పత్రం లేకపోతే పాస్‌పోర్టు రానే రాదని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. 1989 జనవరి 26న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి ఆ పత్రం తప్పనిసరి అన్న నియమం ఒకప్పుడు ఉన్న మాట నిజమే కానీ, విదేశాంగ శాఖ 2016 డిసెంబరులో దాన్ని సడలించింది. 2025 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే రుజువుగా చూపవలసినవారు 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలు మాత్రమే. అంతకుముందు పుట్టినవారు బడి ఇచ్చిన టీసీ లేదా పదో తరగతి ధ్రువపత్రం, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు గుర్తింపు కార్డు, ఎల్‌ఐసీ పాలసీ బాండు, ప్రభుత్వోద్యోగులైతే సర్వీసు రికార్డు లేదా పింఛను ఉత్తర్వు, వీటిలో పుట్టిన తేదీ ఉన్న ఏ ఒక్కదాన్నయినా చూపవచ్చు. ఈ సంగతి తెలియకనే కొందరు దళారుల మాట నమ్మి దొంగ జనన పత్రాలు కొనుక్కుంటున్నారు. పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షను కింద తప్పుడు సమాచారం ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని దళారి చెప్పడు గదా.

అయితే కాగితం మీద ఇంత ఉదారంగా కనిపించే ఈ జాబితాను ఒక చదువులేని గృహిణి కళ్లతో చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. ఆమెకు టీసీ లేదు, ఉద్యోగం లేదు, బండి నడపడం రాదు, పాలసీలన్నీ భర్త పేరునే ఉంటాయి. మిగిలేవి ఓటరు కార్డు, పాన్ కార్డు. పాత ఓటరు కార్డుల్లో చాలావాటి మీద ఫలానా జనవరి 1 నాటికి వయసు ఇంత అని మాత్రమే ఉంటుంది, తేదీ ఉండదు. పాన్ కార్డు సంగతి మరీ విచిత్రం. ఆదాయపు పన్ను శాఖ మేజిస్ట్రేటు ఎదుట చేసిన ప్రమాణ పత్రాన్ని కూడా పుట్టిన తేదీకి రుజువుగా అంగీకరిస్తూ వచ్చింది. పాస్‌పోర్టు అధికారి ముందు నేరుగా పెడితే చెల్లని ప్రమాణ పత్రం, పాన్ కార్డు రూపం దాల్చి వస్తే చెల్లుతుందన్నమాట! ఆ దారిన వెళ్లినవారిని నేను తప్పుపట్టను, వారికి అంతకన్నా మార్గం చూపినవారు లేరు.

అలా వెళ్లినా చిక్కు తీరడం లేదు. పాన్ కార్డు మీద ఒక తేదీ, ఆధార్ మీద మరొకటి ఉండడంతో దరఖాస్తు మళ్లీ ఆగుతోంది. ఆధార్ నమోదు నాడు తేదీ చెప్పలేనివారికి ఉజ్జాయింపు వయసు వేశారు, అందుకే ఇన్ని కార్డుల మీద జనవరి 1 కనిపిస్తుంది. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని భవిష్య నిధి సంస్థ 2024 జనవరిలో తన జాబితా నుంచి దాన్ని తొలగించింది. అదే ఏడాది అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఆధార్ తేదీని కాదని బడి ధ్రువపత్రంలోని తేదీనే తీసుకుంది. రుజువుగా పనికిరాని కార్డు, మరో పత్రాన్ని అడ్డుకోవడానికి మాత్రం పనికివస్తున్నది.

నిజానికి దీనికి సరైన మందు చట్టంలోనే ఉంది. పుట్టిన ఏడాది దాటాక కూడా జననాన్ని నమోదు చేయించుకునే వీలు 1969 చట్టం 13వ సెక్షనులో ఉంది. అందుకు ఇదివరకు మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అంటే మన ఆర్డీవో కార్యాలయంలోనే పని పూర్తి కావచ్చు. తమ రికార్డుల్లో నమోదు లేదని పంచాయతీ గానీ పురపాలక సంఘం గానీ ధ్రువీకరించాక, తహసీల్దారు విచారణ జరిపించి నివేదిక పంపాలి. చిక్కల్లా ఇక్కడే వస్తోంది. పత్రాలు లేవని వచ్చినవారిని విచారణాధికారి మొదట అడిగేది టీసీనే.

రెవెన్యూ శాఖలో చాలాకాలం పనిచేసినవాడిగా ఒక మాట చెప్పగలను. జననం నిజమేనని సరిచూసుకొని ఉత్తర్వు ఇవ్వమని మాత్రమే చట్టం అంటుంది, ఫలానా కాగితం ఉంటేనే ఇవ్వమని అనదు. ఊళ్లో కూర్చుని విచారిస్తే వయసు తేల్చడం అంత కష్టమేమీ కాదు. తోడబుట్టినవారిలో బడికి వెళ్లినవారి ధ్రువపత్రాలు, పెళ్లి శుభలేఖ, పెద్దబిడ్డ పుట్టిన తేదీ, చర్చిలో బాప్తిస్మ రిజిస్టరు, తాతగారు రాయించిన జాతకం, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. తిథి, నక్షత్రం, తెలుగు సంవత్సరం ఉన్న జాతకం నుంచి ఇంగ్లీషు తేదీ లెక్కగట్టడం పంచాంగం చూడగల ఎవరికైనా సాధ్యమే. ఏ ఆధారమూ లేకపోయినా కృష్ణా జిల్లాలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ముందు పుట్టారా, తరువాత పుట్టారా అని అడిగితే ముసలివారు తడుముకోకుండా చెబుతారు. ఇలాంటి సాక్ష్యాలను వాంగ్మూలంగా రాసుకుని, ఏ కారణం చేత ఈ తేదీ నిర్ణయించామో ఉత్తర్వులోనే పేర్కొంటే దానికి బలం ఉంటుంది.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరేది ఇది. ఏడాదికి ఒకసారైనా ప్రతి మండలంలో ఆలస్య జనన నమోదుకు ప్రత్యేక విచారణ శిబిరం పెట్టాలి. ఏ రకమైన ఆధారాలు స్వీకరించవచ్చో తహసీల్దార్లకు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి, దరఖాస్తు తేల్చడానికి గడువు పెట్టాలి. ఉత్తర్వు అందాక ఆధార్, ఓటరు కార్డు దిద్దించుకునే ఏర్పాటు కూడా అక్కడే ఉండాలి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు గనుక, తొందరపడి ఏదో ఒక పత్రంతో మార్చుకున్నవారు తరువాత ప్రాంతీయ కార్యాలయం దాకా వెళ్లవలసి వస్తోంది.

చిన్నపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇకపై వారికి జనన పత్రం తప్ప మరో దారి లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ నమోదైనా పేరు లేకుండానే పత్రం వస్తోంది, ఆ ఖాళీ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతోంది. పేరు చేర్చడానికి పదిహేనేళ్ల వరకు గడువు ఉన్నదన్న సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? ఏజెన్సీ గూడేల్లో, ఇటుక బట్టీల దగ్గర పుట్టే పిల్లల వివరాలు ఆశా కార్యకర్తల వద్ద ఎలాగూ ఉంటాయి. పంచాయతీ కార్యదర్శి నెలకోసారి ఆ పుస్తకాన్ని తన రిజిస్టరుతో పోల్చి చూసుకోవాలని కలెక్టర్లు ఆదేశిస్తే ఇప్పటికిప్పుడు మొదలుపెట్టగల పని ఇది.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి