బల్ల మీది ఉప్పు డబ్బా తీసేయండి

బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల ఆంధ్రా మెస్‌లలో తినే మన పిల్లల ఒంట్లోకి ఉప్పు మోతాదు మించి వెళ్తోంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను తినే మెస్‌లో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, చివర్లో ఉప్పేసిన మజ్జిగ, అన్నీ ఒకే పూట వడ్డిస్తారు. అయినా చాలామంది మొదటి ముద్ద రుచి చూడకముందే ఉప్పు డబ్బా అందుకుంటారు. అది అలవాటే, అవసరం కాదు. మా పీజీలో ఒకబ్బాయికి 30 ఏళ్లు నిండకుండానే బీపీ మాత్రలు మొదలయ్యాయి. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ టెన్షనే. బీపీ పెరగడానికి కారణాలు చాలా ఉండొచ్చు, ఉప్పు మాత్రం మన చేతిలో ఉన్నది. మెస్ యజమానులు డబ్బా బల్ల మీద ఉంచకుండా అడిగినవారికే ఇవ్వాలి, మజ్జిగ చప్పగానే పోయాలి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు