పదహారు బిట్ల యాక్షన్ గేములకు నా మార్కులు

సభ్యులందరికీ నమస్కారం. పాత పదహారు బిట్ల కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాల) యాక్షన్ గేములను ఇటీవల మళ్ళీ ఆడి, పదికి ఇన్నని మార్కులు వేసుకున్నాను.

సెగా వారి మెగా డ్రైవ్ కన్సోల్ కోసం ట్రెజర్ సంస్థ రూపొందించగా 1993లో విడుదలైన గన్‌స్టార్ హీరోస్‌కు తొమ్మిదిన్నర ఇస్తున్నాను. అందులోని నాలుగు రకాల తూటాలను విడివిడిగానూ, రెండేసి చొప్పున (ఒకే రకం రెండైనా సరే) కలిపీ వాడుకొంటే మొత్తం 14 ఆయుధాలవుతాయి; మెరుపు తూటాకు శత్రువును వెంటాడే తూటాను జోడిస్తే గురి చూడవలసిన శ్రమే ఉండదు కనుక, ఆ జత ఆటను మరీ సులువు చేస్తుందని నా ఫిర్యాదు. అయినా పాచికలు వేసి గళ్ళలో ముందుకు సాగే ఘట్టం, మన వైకుంఠపాళిని తలపిస్తూ, ఇప్పటికీ నవ్విస్తుంది.

సూపర్ నింటెండోలో 1992లో వచ్చిన మూడవ కాంట్రాకు ఎనిమిదే. పక్కనుంచి చూపే దశలు అద్భుతమే గానీ, పైనుంచి చూపే రెండు దశల్లో మనిషికి బదులు నేపథ్యమంతా గిర్రున తిరుగుతుంది. ఆనాడు కొత్త హంగు, నేడు తలనొప్పి.

స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2కు తొమ్మిది. అందులో ఒక మార్కు అచ్చంగా యుజో కోషిరో సంగీతానిదే.

1989 నాటి రివెంజ్ ఆఫ్ షినోబికి ఏడు మార్కులు చాలు, ఎందుకంటే గాలిలో రెండవసారి గెంతడానికి మీట సరిగ్గా ఏ క్షణాన నొక్కాలో పట్టుబడేలోపే ప్రాణాలన్నీ అయిపోతాయి. ఈ మార్కుతో విభేదించేవారు ఏ దశ ఆధారంగానో తెలుపుతూ రాయవలసిందిగా కోరుతున్నాను.