చివరి గదిలోని నల్లకుక్క గురించి

అందరికీ నమస్కారం. నిన్న మన కుక్కల సంరక్షణ కేంద్రంలో మనలో ఒకరు ప్రేమకొద్దీ, మనుషులంటే బెదిరిపోయే ఆ నల్లకుక్క తల నిమరబోయారు. అది గుర్రుమంది, ఆయన కసిరారు. దయచేసి కసరవద్దు. గుర్రుమనడం అది మనకు ఇచ్చే హెచ్చరిక. దాన్ని అణచివేస్తే భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. రేపు చప్పుడు లేకుండా నేరుగా కరవవచ్చు.

తలుపు దగ్గర పక్కకు తిరిగి నిలబడండి, కళ్లలోకి చూడకండి, మాంసం ముక్క విసిరి వెళ్లిపోండి. అంతే పని. ముందు మనిషి కనబడాలి, ఆ తర్వాతే ముక్క పడాలి. ఈ వరుస తారుమారైతే కుక్క ముక్కనే అనుమానించడం మొదలుపెడుతుంది. వాసన చూసి వదిలేసిందా, మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. రెండడుగులు వెనక్కి వేయండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదవులు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం గుర్రు కంటే ముందు వచ్చే గుర్తులు. వీటిని చూడటం అలవాటైతే సగం కాట్లు తప్పుతాయని నా నమ్మకం.

అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ ఇలా బెదిరిపోయిన కుక్కల కోసమే 2018లో నార్త్ కరోలినాలో ప్రత్యేక కేంద్రం తెరిచింది. అక్కడ కుదురైన కుక్కలను వీటికి తోడుగా ఉంచుతారు. మన గోధుమరంగు ముసలిదాన్ని పక్కగదిలోకి మార్చింది అందుకే. అది గురక పెట్టి నిద్రపోతుంటే నల్లదీ కాళ్లు చాపుతోంది!

తింటున్నప్పుడు గిన్నె ఎవరూ తీయకండి. మీరు ఎంత దూరంలో ఉండగా నల్లది ముక్క తిన్నదో అడుగుల్లో పుస్తకంలో రాయండి. నిన్నటి లెక్క తొమ్మిది.