ఆదివారం మన పిల్లులకు మందు

అందరికీ నమస్తే. టైటిల్ చూసి మందు పార్టీ అనుకోకండి!

ఈ ఆదివారం ఉదయం ఎవరింట్లో వాళ్లం ఒకేసారి పిల్లులకు ఫ్లీల (బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగుల) మందు వేద్దాం. ఒకింట్లో వేసి పక్కింట్లో వదిలేస్తే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

శుక్రవారం లోపు పిల్లి బరువు చూసి గ్రూపులో పెట్టండి. దాన్ని ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి మెషీన్ ఎక్కితే తేడా తెలిసిపోతుంది. మోతాదు బరువును బట్టే. ఏ మందో డాక్టర్‌ని అడిగే కొనండి.

తోక మొదట్లో సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేయండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది మట్టి కాదు, ఫ్లీల రెట్ట. అంటే పిల్లి రక్తమే. మా దాని టిష్యూ చూసి నాకు ఒళ్లు జలదరించింది.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి పేగుల్లో ఉండే బద్దెపురుగు ముక్కలు. ఒళ్లు నాక్కుంటూ ఫ్లీని మింగితే ఈ పురుగు వస్తుంది, కాబట్టి రెండింటికీ మందు పడాలి.

చెవిలో కాఫీ పొడిలాంటి గుమిలి ఉంటే మైట్స్ (చెవిలో చేరే మరీ చిన్న పురుగులు) కావచ్చు. ఇయర్‌బడ్స్ పెట్టి కెలకొద్దు, డాక్టర్‌కి చూపించండి.

మందు చుక్కలు నాలుక అందని చోట, మెడ వెనక, వెంట్రుకలు విడదీసి చర్మం మీద వేయాలి. అదే రోజు పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకండి. ఇంట్లో మిగిలిన ఫ్లీ గూళ్లలోంచి కొత్తవి కొన్ని వారాలు వస్తూనే ఉంటాయి, టెన్షన్ పడకండి.

మర్చిపోవద్దు: కుక్కల మందు సగం చేసి వేయొద్దు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే పిల్లి ప్రాణానికే ముప్పు.

బరువులు పెట్టండి మరి!