పెచ్చులు లేచిన బొమ్మల గురించి

దసరా కొలువుకు మా దగ్గర మట్టిబొమ్మలు తీసుకున్నవాళ్లలో కొందరి ఇళ్లలో ఈపాటికి బయటపడే ఉంటుంది. బొమ్మ మీద శనగబద్దంత పెచ్చు ఊడి, కింద తెల్లటి చుక్క కనబడుతుంది. పిల్లలు ఎక్కడో కొట్టేశారని వాళ్లని కేకలేయకండి. తప్పు మన్నుది. అందులో సగం నాది.

వరదకి మేం ఎప్పుడూ మన్ను తెచ్చుకునే లంక మునిగిపోయింది. కొత్తగా ఒకాయన "లంక మన్నేనండి, జల్లించేశానండి, ఇంక తొక్కుకోవడమేనండి" అంటూ ట్రాక్టర్ లోడు దింపాడు. మా అత్తగారు చిన్న ముద్ద తీసి రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది చెరువు మన్నే అమ్మాయ్, పలుకులు తగులుతున్నాయి" అన్నారు. ఆవిడకి చూపు సరిగా ఆనదు. ఆర్డర్ల టెన్షన్‌లో నేను ఆ మాట పట్టించుకోలేదు, మళ్లీ జల్లించనూ లేదు.

అది చేపల చెరువు అడుగు మన్ను. నిండా నత్తగుల్లల ముక్కలు. తాంబూలంలోకి గుల్లసున్నం గుల్లలు కాల్చే కదా చేస్తారు, మేం బొమ్మలు కాల్చే ఆవంలోనూ అదే జరిగింది. తొమ్మిది వందల డిగ్రీల వేడికి గుల్ల సున్నమైంది. బయటికొచ్చాక గాలిలో చెమ్మ పీల్చి ఉబ్బి, పైనున్న మట్టిని తోసేసింది. దీనికి రోజులు పడుతుంది. అందుకే మీ చేతికిచ్చినప్పుడు బొమ్మ నిక్షేపంగా ఉంది.

ఫోన్ చేస్తే ఆయన, "మీకు కాల్చడం రాక నా మన్ను మీద పెడతారేంటండి" అన్నాడు. మూడు తరాలుగా ఆవం పెడుతున్న ఇల్లండీ మాది! ఆ మాట ఇంకా దిగలేదు నాకు.

అమ్ముడవకుండా మిగిలినవి ముప్పై ఒకటి, ఒక్క పెచ్చూ లేవనివి. ఆవంలోంచి తీయగానే నీళ్లలో ముంచితే సున్నం చాలావరకు విరిగేది, ఆ అదనూ దాటిపోయింది. రెండు రాత్రులు అరుగు మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాను. గుర్రం మెడ మీద నా బొటనవేలు లాగిన గాడి, ఏనుగు చెవి వెనక వేలిముద్రలు. అమ్మితే నెల ఖర్చు గడిచిపోయేది. ఎవరింట్లో ఏది ఎప్పుడు పేలుతుందో ఎవరు చెప్పగలరు? మూడోరోజు పొద్దున్నే అన్నీ పగలగొట్టేశాను. మా ఆయన సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ప్యాకెట్ మట్టి వాడొచ్చు కదా అన్నారు ఇద్దరు ముగ్గురు. వాడను. అది మైదాపిండిలా ఉంటుంది, వేలికి ఎదురు చెప్పదు. లంక మన్నులో ఉండే సన్నటి ఇసుక అరచేతికి తెలుస్తుంది. మీరు బొమ్మ కొనేముందు ఓసారి నిమిరి చూసేది దానికే.

ఇకనుంచి లోడు దించకముందే ఎండిన ముద్ద మీద నిమ్మకాయ పిండుతాం. బుసబుసా పొంగిందో, ట్రాక్టర్ వెనక్కే. పొంగకపోయినా నీళ్లలో కలిపి మేమే వడకడతాం. పెచ్చు లేచిన బొమ్మ ఫొటో పంపండి చాలు. డబ్బు కావాలంటే డబ్బు, బొమ్మ కావాలంటే సంక్రాంతి లోపు కొత్తది.

అమలాపురంలో ఒకావిడ మాత్రం తాబేలు మార్చనంటున్నారు. వీపు మీద పెచ్చు ఊడిన గుంటలో వాళ్ల మనవడు వేలు పెట్టుకుని నిద్రపోతున్నాడట. డబ్బు మాత్రం పంపేశాను.